విజ్ఞాన సర్వస్వంలో కొత్త మాటలకు చోటుందా? ముందు పాత మాటల సంగతి తేల్చండి

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక ఉన్నప్పుడు చదవండి. నచ్చకపోతే కింద కొట్లాడండి, కానీ సగం చదివి వదిలేయకండి.

తెలుగులో శాస్త్ర విషయాలు రాసేవాళ్ల మధ్య ఒక పాత తగాదా ఉంది. ఇంగ్లీషులో ఒక సాంకేతిక మాట ఉంటుంది, దానికి తెలుగులో మాట దొరకదు. రాసే మనిషి కూర్చొని ఒక కొత్త మాట కడతాడు. ఆ మాటను విజ్ఞాన సర్వస్వంలో పెట్టవచ్చా, పెట్టకూడదా? ఒక వర్గం ఏమంటదంటే, పెట్టకపోతే భాష ఎట్ల పెరుగుతది, ఎక్కడో ఒకచోట మొదలు కావాలె కదా అని. రెండో వర్గం మాట వేరు. ఉన్న సంగతి చెప్పడమే విజ్ఞాన సర్వస్వం పని, మాట నలుగురి నోట్లో నలిగినాకనే లోపలికి రావాలె అంటరు.

ఇది తెలుగు పండితుల పంచాయితీ, మనకేం సంబంధం అనుకోవద్దు. ఈ తగాదా తేలకపోవడం వల్ల దెబ్బ తిన్నవాళ్లలో ముందు వరసలో ఉన్నది ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు మీడియం చదివిన మన పిల్లలు. రేపు మన గోండి, కోయ, కొలామి, గోర్ బోలిలో ఎవరైనా విజ్ఞాన సర్వస్వం మొదలుపెడితే ఇదే ప్రశ్న మన ముందుకే వస్తది. అప్పుడు తడుముకోవడం కంటే ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కొత్తగా కట్టిన మాటకు విజ్ఞాన సర్వస్వం తలుపు మూయొద్దు. లోపలికి రానివ్వాలె, కానీ ఎవరు కట్టిన్రో, ఎప్పుడు కట్టిన్రో చెప్పి రానివ్వాలె. శీర్షిక కుర్చీలో మాత్రం కూర్చోబెట్టొద్దు. దానికంటే ముందు ఎవరూ కట్టకుండానే మన ఊళ్లల్లో, బజార్లల్లో బతికున్న మాటలను వెతికి తెచ్చి పెట్టాలె. ఈ రెండో పని చెయ్యకుండా మొదటి దాని మీద ఎంత వాదించినా లాభం లేదు.

ఈ కథ చాలావరకు మనం తిరిగే హైదరాబాద్ గల్లీల్లోనే జరిగింది. 1906లో ఇక్కడే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. దాని వెనుక ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానం దివాను. తెలుగువాళ్లకు చరిత్ర, శాస్త్రాలు తెలుగులోనే అందాలని ఆయన పట్టుబట్టారు. తర్వాత మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో 46 ఏళ్లకే పోయారు. పని అక్షరమాల మొదట్లోనే ఆగిపోయింది. 1947లో మద్రాసులో పుట్టిన తెలుగు భాషా సమితి విషయాలవారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలు వేసింది. ఆ సమితి 1985లో ఏర్పడ్డ తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసింది. చాలా ఏళ్లు ఆ విశ్వవిద్యాలయం నాంపల్లి స్టేషన్ దిగి పబ్లిక్ గార్డెన్స్ వైపు నడిస్తే వచ్చే చోటే ఉండేది. అంటే తెలుగు విజ్ఞాన సర్వస్వం వారసత్వం, మనలో చాలామంది బస్సు దిగి రూము వెతుక్కునే చోటికి కూతవేటు దూరంలోనే ఉండేది.

అదే నగరంలో ఇంకో ప్రయోగం ఉర్దూలో జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పైచదువులు ఉర్దూలో చెప్పాలని నిజాం ప్రభుత్వం నిర్ణయించి, పాఠ్యపుస్తకాల కోసం 1917లో అనువాద శాఖను పెట్టింది. 1919లో తరగతులు మొదలైంది కూడా ఇప్పటి క్యాంపస్‌లో కాదు, ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీలో అద్దె ఇళ్లల్లో. వైద్యం, రసాయనం, న్యాయం, గణితం అన్నిటికీ మాటలు కట్టారు. అక్కడా ఇదే తగాదా వచ్చింది. ప్రతి మాటనూ అరబ్బీ వ్యాకరణం ప్రకారమే కట్టాలని కొందరు పట్టుబట్టారు. అక్కడే ఉర్దూ బోధించిన వహీదుద్దీన్ సలీం ఒప్పుకోలేదు. మనం మాట్లాడే ఉర్దూకు దాని సొంత పద్ధతి ఉంది, హిందీ మాటలను కూడా వాడుకొని కట్టొచ్చు అని వాదించారు. పదాలు ఎట్ల కట్టాలో 1921లో ఏకంగా పుస్తకమే రాశారు.

1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. అంత కష్టపడి కట్టిన శాస్త్ర పదాల్లో చాలావరకు ఇయ్యాల ఇక్కడి తరగతి గదుల్లో వినపడవు. కానీ పహాణీ, జమాబందీ, నకలు, తహసీలు మాత్రం మన తండాలు, గూడేల దాకా ఉన్నయి. భూమి కాగితం చేతిలో పట్టుకున్న ప్రతి ముసలవ్వకూ పహాణీ అంటే తెలుసు. రోజూ పనిపడ్డ మాట బతికింది. పుస్తకంలోనే ఉన్న మాటకు పుస్తకం మారగానే నీడ లేకుండా పోయింది.

తెలుగు శాస్త్ర పదాల సంగతి కూడా అంతే. ఆక్సిజన్‌కు ఆమ్లజని, హైడ్రోజన్‌కు ఉదజని, నైట్రోజన్‌కు నత్రజని అని కట్టారు. ముగ్గురూ ఒక తల్లి పిల్లల్లాంటి వాళ్లే, ఒకే పద్ధతిలో పుట్టినవాళ్లే. ఇప్పుడు మన ఊళ్లో ఎవరినైనా అడగండి. ఉదజని అంటే ముఖం చూస్తరు. నత్రజని అంటే, యూరియాలో ఉండేది అది కదా అంటరు. ఎందుకు? ఎరువుల దుకాణం వల్ల, వ్యవసాయ అధికారి వల్ల, రేడియోలో వచ్చే రైతుల కార్యక్రమాల వల్ల. పత్తి చేనుకు ఏం తక్కువైందో తెలుసుకోవడానికి రైతుకు ఆ మాట అక్కరకొచ్చింది, అందుకే నిలబడింది. అంటే మాట ఎంత బాగా కట్టినం అన్నదాని కంటే అది ఎవరి పనికి వచ్చింది అన్నది పెద్ద సంగతి. విజ్ఞాన సర్వస్వంలో పెట్టినంత మాత్రాన ఏ మాటకూ ప్రాణం రాదు.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వస్తా. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకు కిరణజన్య సంయోగక్రియ అనేది తన భాషలోనే ఒక కష్టమైన మాట. మా చిన్నాన్న కొడుకుకు అట్ల కాదు. వాడు ఇంట్లో నీళ్లను యేర్ అన్నడు, ఆకును ఆకి అన్నడు. బడికి పోయినాక తెలుగు నేర్చుకున్నడు. ఆకి, ఆకు దగ్గరగానే ఉన్నయి కాబట్టి పట్టుకున్నడు. ఇంతలో పుస్తకం ఆకును పత్రం చేసింది, ఆకులో ఉండే పచ్చదనాన్ని పత్రహరితం చేసింది. తర్వాత డిగ్రీలో అదే క్లోరోఫిల్ అయి కూర్చున్నది. ఇంటి భాష, బడి తెలుగు, పుస్తకం సంస్కృతం, కాలేజీ ఇంగ్లీషు. ఒక్క పచ్చ ఆకును తెలుసుకోవడానికి నాలుగు గడపలు దాటాలె. గడప గడపకూ కొందరు ఆగిపోతరు. ఆగిపోయినవాళ్లకు సైన్సు రాదు అని పేరు పెడతరు. వాళ్లకు రాంది సైన్సు కాదు, మాట.

ఇక్కడ ఒక న్యాయమైన పోలిక చెప్పాలె. నేను ఇంటర్‌లో కామర్స్ తీసుకున్న, తెలుగు మీడియమే. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ పుస్తకాలే మాకూ దిక్కు. ఆ కామర్స్ పుస్తకంలో జర్నల్‌కు చిట్టా, లెడ్జర్‌కు ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్‌కు అంకణా, బ్యాలెన్స్ షీటుకు ఆస్తి అప్పుల పట్టీ అని ఉంటది. ఈ మాటలు కమిటీలో పుట్టినవి కావు. షావుకార్లు, కరణాలు ఎన్నో తరాలు వాడుకున్నవి. పుస్తకం రాసినవాళ్లు బజారు నుండి తెచ్చి కొత్త పనికి పెట్టిన్రు, అంతే. ఇప్పుడు నేను చదువుకుంటూ సాయంత్రం పూట బేగం బజార్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో లెక్కలు రాస్త. సేటు ఖాతా అంటడు, జమ అంటడు, బయానా అంటడు, ఊరి బేరగాడు ఉద్దెర అంటడు. నాకు ఏదీ కొత్తగా అనిపించలేదు. పుస్తకానికీ గల్లాపెట్టెకూ మధ్య తొవ్వ ఉంది. సైన్సు పుస్తకానికీ పొలానికీ మధ్య ఆ తొవ్వ ఎందుకు లేదు? అక్కడ మాటలు లేకనా? లేక ఎవరూ అడగకనా?

అడగలేదు అనే నేనంటున్న. రుజువు మా దుకాణంలోనే సంచుల్లో ఉంది. స్వీట్లలో, పాయసంలో వేసే చిన్న పప్పు చూసే ఉంటరు. బేగం బజార్‌లో దాని పేరు చిరోంజీ. తెలుగు పుస్తకాల్లో సారపప్పు. మన అడవి ఊళ్లల్లో ఎండాకాలం తినే మొర్రి పండ్ల లోపలి పలుకే అది. పండు తిని, గింజ ఎండబెట్టి, పగలగొట్టి, సంతలో అమ్మేది మన తల్లులు. ఆ చెట్టుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో మొదటి మాట బుకనానియా. 1800లో ఈస్టిండియా కంపెనీ తరఫున మైసూరు ప్రాంతమంతా తిరిగి వివరాలు రాసుకున్న ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడి పేరు మీద పెట్టింది. ప్రపంచమంతా ఒకే పేరుతో గుర్తుపట్టడానికి ఆ పేరు కావాలె, దాని మీద నాకు కోపం లేదు. కానీ తెలుగు విజ్ఞాన సర్వస్వంలో ఆ చెట్టు గురించి రాసే మనిషి లాటిన్ పేరును అనువాదం చేసి కొత్త మాట కడితే మాత్రం కోపం వస్తది. సార, మొర్రి, చిరోంజీ, మూడు పేర్లు మూడు చోట్ల బతికి ఉండంగ నాలుగోది ఎందుకు?

చిల్లగింజ సంగతి కూడా చూడండి. బురద నీళ్ల కుండ లోపల ఆ గింజ అరగదీస్తే నీళ్లు తేరతయి, మడ్డి కిందికి దిగుతది. కొన్ని చోట్ల ఇండుప గింజ అంటరు. నీళ్లు తేరడం, తేటపడడం అని చక్కటి క్రియలు మనకున్నయి. నీటి శుద్ధి గురించి రాసే వ్యాసంలో అవి కనపడాలె కదా. వాటిని వదిలి పెద్ద సమాసం కడితే, రోజూ ఆ పని చేసిన అవ్వకు తన పనే అర్థం కాకుండా పోతది.

వెతికితే దొరుకుతయి అని చెప్పడానికి నా ఊహ అక్కర్లేదు, చేసి చూపించినవాళ్లు ఉన్నరు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది. వ్యవసాయం మాటలు. 1971లో చేనేత మాటలు వచ్చినయి. ఆ పని గదిలో కూర్చొని చెయ్యలేదు. జిల్లాలు తిరిగి, రైతులను, నేతగాళ్లను అడిగి, ఏ మాట ఏ ప్రాంతంలో వాడతరో గుర్తులు వేసి కూర్చిన్రు. నాగలిలో ప్రతి ముక్కకూ, మగ్గంలో ప్రతి కర్రకూ పేరు ఉందని అప్పుడు తెలిసింది చదువుకున్నోళ్లకు. రైతుకు ముందే తెలుసు. కొండదొరలు మాట్లాడే కూబి భాష మీద 1969లో పుస్తకం వేసింది కూడా ఆ కృష్ణమూర్తి గారే. పెద్ద పండితుడు అయినంక కూడా మాట కోసం మనిషి దగ్గరికి పోవచ్చు అని ఆయన పని చెప్తది.

ఇక ఎదుటి వాదన. న్యాయంగా చెప్పాలంటే అందులో బలం ఉంది.

మొదటిది: ఎవరో ఒకరు నత్రజని అని కట్టకపోతే ఎరువుల దుకాణంలో అనడానికి మాట ఎక్కడ ఉండేది? నిజమే. మాటలు కట్టొద్దని నేను అనడం లేదు. పాఠ్యపుస్తకం రాసేవాళ్లు కట్టాలె, పత్రికలవాళ్లు కట్టాలె, వేమూరి వేంకటేశ్వరరావు గారిలాగా ఇంగ్లీషు తెలుగు పదకోశాలు కూర్చేవాళ్లు ప్రతిపాదించాలె. కానీ విజ్ఞాన సర్వస్వం మీద చదివేవాడికి ఉండే నమ్మకం వేరు. పత్రికలో కొత్త మాట కనపడితే, ఎవరో వాడిన్రు అనుకుంటడు. విజ్ఞాన సర్వస్వంలో కనపడితే, తెలుగులో దీన్ని ఇట్లనే అంటరు అనుకుంటడు. పరీక్షలో రాస్తడు. దిద్దే సారుకు ఆ మాట తెలియకపోతే మార్కులు పోతయి. పోటీ పరీక్షలకు తెలుగులో చదివేవాళ్లకు ఇది రోజూ ఉండే భయమే. కట్టినవాడికి మాట ఒక సరదా. నమ్మినవాడికి అది ఒక ఏడాది.

ఇంకో సంగతి. వ్యాసం రాసే మనిషే మాట కట్టి, ఆ వ్యాసాన్నే చూపించి, చూడండి ఈ మాట వాడుకలో ఉంది అంటే ఎట్ల? పంచాయితీలో ఫిర్యాదు చేసినోడే సాక్షి కూడా అయినట్టు ఉంటది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సొంత పరిశోధన పెట్టకూడదు అనే నియమం ఉన్నది ఇందుకే. ఆ నియమం నాకు నచ్చుతది.

రెండో వాదన: కొత్త మాటలు వద్దంటే తెలుగు అంతా ఇంగ్లీషు మాటలతో నిండిపోతది. దీనికి జవాబు అదే వికీపీడియాలో ఉంది. అక్కడ పనిచేసేవాళ్లు తమ పనిముట్లకు పెట్టుకున్న పేర్లు చూడండి. అందరూ కూర్చొని మాట్లాడుకునే పేజీ రచ్చబండ. ఒక పేరుతో వెతికితే ఇంకో పేరుకు తీసుకుపోయేది దారిమార్పు. ఒకే అచ్చులో అన్ని పేజీల్లో వాడుకునేది మూస. మూస అంటే లోహం పనివాళ్ల మాట, కరిగించిన లోహంతో ముడిపడ్డ మాట. మూస పోసినట్టు ఉన్నరు అని అన్నదమ్ములను అంటం కదా. ఉషేగాంలో ఓజా కళాకారులు మట్టి మీద మైనం పోగులు చుట్టి, మళ్లీ మట్టి పూసి, మైనం కరిగిపోయినంక ఆ ఖాళీలో ఇత్తడి పోస్తరు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇట్లాంటి పనివాళ్ల లోకం నుండి వచ్చిన మాట కంప్యూటర్‌లో కొత్త కొలువు చేస్తున్నది. చదివిన వెంటనే అర్థమైతది.

ఐస్‌లాండ్ వాళ్లు కూడా ఇట్లనే చేసిన్రు. టెలిఫోన్ వచ్చినప్పుడు వాళ్ల పాత భాషలో దారం, తాడు అనే అర్థం ఉండి వాడుక పోయిన సీమి అనే మాటను లేపి ఫోనుకు పెట్టిన్రు. చిన్న దేశం, చిన్న భాష, అయినా నిలబడింది. పాత మాటకు కొత్త పని చెప్పడం వేరు, ఎవరికీ తెలియని ముక్కలు తెచ్చి అతికించడం వేరు. చరవాణి అని రాస్తే తప్పు లేదు, కానీ బేగం బజార్ ఛత్రి దగ్గర నిలబడి చరవాణి దుకాణం ఎక్కడ అని అడిగి చూడండి. సెల్లు, ఫోను అనే మాటలు ఎప్పుడో మన ఇంటి మాటలు అయిపోయినయి. హమాలీ, దుకాణం, ఖాతా కూడా ఒకప్పుడు బయటి నుండి వచ్చినవే కదా. వచ్చి, మోసి, మనవి అయినయి.

మూడో వాదన అందరికంటే మనకు ముఖ్యం. తెలుగుకు ముందు పత్రిక ఉంది, పాఠ్యపుస్తకం ఉంది, మాట అక్కడ నలిగి వస్తది. గోండికో కొలామికో అవి లేవు కదా? అచ్చులో ఉంటేనే ఆధారం అంటే మన మాట ఎప్పటికీ లోపలికి రాదు కదా? నిజమే, ఈ నియమం మనకు అన్యాయం చేస్తది. వెయ్యేళ్ల నుండి నోట్లో ఉన్న మొర్రి అనే మాటకు అచ్చు ఆధారం లేకపోతే అది కొత్త మాట కింద లెక్క. నిన్న ఎవరో పుస్తకంలో కట్టి అచ్చేసిన మాట పాత మాట కింద లెక్క. లెక్క తలకిందులైంది.

దీనికి దారి లేకపోలేదు. 2011లో అచల్ ప్రభల అనే ఆయన వికీమీడియా సహాయంతో ఒక ప్రయోగం చేసిండు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో, ఏ పుస్తకంలోనూ లేని ఆటలు, పద్ధతుల గురించి ఊళ్లల్లో మనుషులను అడిగి, వాళ్ల గొంతు రికార్డు చేసి, ఆ రికార్డునే వ్యాసానికి ఆధారంగా చూపించిన్రు. మనుషులే జ్ఞానం అనే అర్థం వచ్చే పేరుతో ఒక సినిమా కూడా తీసిన్రు. గొంతు కూడా ఆధారమే అని ఒప్పుకుంటే, మన అవ్వ, తాత ఇద్దరూ ఆధారాలే. మన దగ్గర గోండి కోసం కూడా ఒక ప్రయత్నం జరిగింది. 2014 నుండి వేర్వేరు రాష్ట్రాల గోండులు కూర్చొని, ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేట్టు మాటలు పోల్చుకుంటూ, 2018 నాటికి సుమారు 3,000 మాటలతో నిఘంటువు తయారు చేసుకున్నరు. ఏ మాట ఉంచాలో తేల్చింది ఆ భాష మాట్లాడే మనుషులే.

అట్ల చెయ్యకపోతే ఏమైతదో కూడా చూడండి. స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాషకు ఒక వికీపీడియా ఉంది. ఆ భాష రాని ఒక అమెరికా కుర్రవాడు, పాపం మంచి ఉద్దేశంతోనే, వేలాది వ్యాసాలు రాసిండు. ఇంగ్లీషు వాక్యాల్లో ఒకటి రెండు మాటలు మార్చి, కొన్ని ఊహించి పెట్టి. సంవత్సరాల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2020లో బయటపడేసరికి, స్కాట్స్ అంటే వంకర ఇంగ్లీషు అని నమ్మినవాళ్లు ఎంతమందో. పెద్ద భాషలో తప్పు మాట దూరితే తొందరగా దొరుకుతది, చూసే కళ్లు ఎక్కువ. చిన్న భాషలో దూరితే అదే భాష అనుకుంటరు. ఇప్పుడు యంత్రాలు కూడా అక్కడి నుండే చదివి నేర్చుకుంటున్నయి. రేపు మన భాష మన పిల్లలకు ఫోను నేర్పే రోజు వస్తే, ఎవరో కట్టిన గోండి నేర్పొద్దు.

అందుకే నా లెక్కలో విజ్ఞాన సర్వస్వానికి ఉండాల్సిన పద్ధతి ఇది. తెలుగుకైనా, మన భాషలకైనా.

ఒకటి, శీర్షిక ఎప్పుడూ నలుగురు వాడే మాటే. అది ఇంగ్లీషు నుండి వచ్చిందా, ఉర్దూ నుండి వచ్చిందా అని చూడొద్దు. మిగతా పేర్లన్నీ దారిమార్పులు కావాలె. మొర్రి అని వెతికినా, చిరోంజీ అని వెతికినా, సారపప్పు అని వెతికినా ఒకే చెట్టు కిందికి చేరాలె.

రెండు, కట్టిన మాటను వ్యాసం లోపల పెట్టాలె, ప్రతిపాదిత మాట అని పక్కన రాసి, ఎవరు, ఏ ఏడాది, ఏ పుస్తకంలో అన్నది చెప్పాలె. పుట్టుక తెలిసిన మాటను నమ్మాలా వద్దా అన్నది చదివేవాడు తేల్చుకుంటడు.

మూడు, వ్యాసం రాసే మనిషి ఆ వ్యాసంలోనే మాట కట్టొద్దు. మాట దొరకకపోతే విషయాన్ని మామూలు వాక్యంలో చెప్పాలె. ఒక సమాసం కంటే రెండు చిన్న వాక్యాలు మేలు.

నాలుగు, ఊరి మాటకు గొంతు ఆధారం ఒప్పుకోవాలె. ఏ ఊరు, ఏ తేదీ, ఏ పని చేసే మనిషి అన్నది ఉండాలె. చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే పేరు పెట్టాలె.

అయిదు, మనుషుల పేర్ల దగ్గర వాళ్ల మాటే ముందు. గోండులు తమను తాము కోయతోర్ అనుకుంటరు. లంబాడాలు గోర్ అంటరు. బయటివాళ్లు పెట్టిన పేరు శీర్షికగా ఉన్నా, మొదటి వాక్యంలో సొంత పేరు ఉండాలె.

ఈ అయిదోదాని గురించి ఒక మాట. కట్టిన మాటలన్నీ పరాయివే అని నేను అనుకోను. ఆదివాసి అనే మాట కూడా కట్టిందే, 1930ల నాటికి ఛోటా నాగ్‌పూర్ ప్రాంతంలో గట్టిగా వినపడటం మొదలైంది. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా, మమ్మల్ని వనజాతి అనొద్దు, ఆదివాసి అనండి అని పట్టుబట్టిండు. చట్టం షెడ్యూల్డు తెగలు అన్నది, ప్రభుత్వం గిరిజన శాఖ అన్నది, కానీ ఎంతోమంది ఆదివాసి అనే మాటను భుజాన మోసిన్రు. కట్టిన మాట అట్ల బతికింది. ఇటు గుంజాల గోండి లిపి కూడా కొత్త పేరే. నార్నూర్ మండలం గుంజాలలో రాతప్రతులు దొరికినంక, ఆ ఊరి పేరుతోనే లిపికి పేరు వచ్చింది. 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ పేరు మీద తగాదా ఎందుకు లేదు? ఎక్కడి నుండి వచ్చిందో పేరులోనే ఉంది కాబట్టి. ఇగ పోడు. దాన్ని ఏ కమిటీ కట్టలేదు. కొండల్లో పుట్టి, సర్కారు కాగితాల దాకా నడిచి వచ్చింది. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. ఆ పట్టాలను ఇయ్యాల ఊళ్లోనే కాదు, అసెంబ్లీలో కూడా పోడు పట్టాలు అనే అంటరు.

ఇప్పుడు పని మాట. దసరాకో దీపావళికో ఇంటికి పోతరు కదా. ఒక్కొక్కరు పది మాటలు తెండి. పాటలు, సామెతలు వేరే పెట్టుకుందాం, ఇప్పుడు పని మాటలు కావాలె. నాగలి ముక్కలు, చేపల గాలం, ఇప్పపువ్వు ఏరే పద్ధతి, తేనె తీసే తాడు, రోగాల పేర్లు, చెట్ల పేర్లు, వాన రకాలు. ఫోనులో గొంతు రికార్డు చేయండి. ఊరు, తేదీ రాయండి. చెప్పినవాళ్లను అడిగి చేయండి. అర్థం మామూలు మాటల్లో రాయండి, మీరే తెలుగు పేరు కట్టి పెట్టకండి. సైన్సు చదివేవాళ్లు ఆ మాట పక్కన శాస్త్రంలో దాన్ని ఏమంటరో రాస్తే ఇంకా మంచిది. అన్నీ ఒకచోట చేరినంక తెలుగు విశ్వవిద్యాలయంలో విజ్ఞాన సర్వస్వం పని చూసేవాళ్లకు ఒక ప్రతి ఇద్దాం, వికీపీడియాలో రాసేవాళ్లకు ఒక ప్రతి ఇద్దాం. తీసుకుంటరో లేదో వాళ్ల ఇష్టం. మన దగ్గరైతే ఉంటది.

కొత్త మాటలు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. పాత మాటలు అట్ల కాదు. చెప్పే అవ్వ ఉన్నన్ని రోజులే అవి ఉంటయి.